రెండో దెబ్బ

మార్కాపురంలో మధ్యాహ్నం కరెంటు పోతే
రాయి కోసే రంపాలన్నీ ఒక్కసారే ఊపిరి బిగబడతాయి.
ఆ నిశ్శబ్దంలో నేను
పచ్చరేకు మీది దుమ్ము ఊదుతుంటాను.
అరచేతి పొడవు గ్రాఫిక్స్ కార్డు,
ఫ్యాను రెక్క ఒకటి విరిగింది,
పుట్టింది రెండువేల రెండులో,
నా రిపేరు కొట్టుకన్నా తొమ్మిదేళ్లు పెద్దది.

రాయవరం హైస్కూల్లో ఇలాంటివి పదకొండు.
రెండింటి వైర్లు ఎలుకలు తినేశాయి.
మిగతా తొమ్మిదీ బాగానే ఉన్నాయంటాడు
లెక్కల మాస్టారు చెన్నకేశవులు,
తెర మాత్రం రాదంటాడు.

కొత్త సిస్టమ్ ఎక్కించాను.
పెళ్లిపందిట్లో ముసలి చుట్టాన్ని చూసి
ఎవరి తరఫోలే అని పక్కకు జరిగినట్టు
అది కార్డును పలకరించలేదు.
నల్లటి తెర మీద తెల్లగీత ఒకటి
ఆరుతూ వెలుగుతూ కూర్చుంది.

తప్పు ఎవరిదీ కాదు.
అప్పట్లో బొమ్మ గీయాలంటే
డ్రైవరే నేరుగా కార్డు గుండెలో చెయ్యి పెట్టేది.
ఇప్పుడు ప్రతిదీ కెర్నెల్ గుమ్మం దగ్గర చెప్పుకోవాలి,
మెమరీ ఎంత కావాలి, ఎందుకు, ఎప్పుడు తిరిగిస్తావు,
అచ్చం మండలాఫీసు.
పాత ఫంక్షన్ల పేర్లు సగం మారాయి,
కొన్ని పూర్తిగా పోయాయి,
పోయినవాటి చోట ఏది వాడాలో
రాసిపెట్టినవాళ్లు లేరు.

పదహారు రాత్రులు.
ఒక పేరు తీసి ఇంకో పేరు.
కంపైల్ చేస్తే నలభై ఏడు తప్పులు,
ఒకటి దిద్దితే యాభై రెండు.
షట్టరు కింద నుంచి టీ గ్లాసు తోస్తూ కాశీరావు
"ఏంది వలీ, ఎవరిదన్నా జాతకం రాస్తన్నావా?"

మూడువేల లైన్ల నడుమ ఒకచోట
ఒకే అంకె, ఒకే గదిలోకి, రెండుసార్లు.
రెంటి మధ్య రెప్పపాటులో వెయ్యోవంతు ఆగడం.
పక్కన ఎవరో, ఏ దేశంలోనో,
ఏ అర్ధరాత్రో రాసిన మాట:
ఎందుకో తెలియదు. తీస్తే పనిచెయ్యదు.

నవ్వొచ్చింది.
కొత్తింట్లో ఈ పాత చాదస్తమేమిటని
ఒకటి తీసేశాను.
ఆ వచ్చే తెల్లగీత కూడా పోయింది.
రెండ్రోజులు కేబుల్‌ని తిట్టాను,
మానిటర్ని తిట్టాను,
ఒంగోలు నుంచి తెచ్చిన ర్యామ్‌ని అనుమానించాను.

మా మేనత్త ఇమాంబీ
పలకల ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్లు రాయి చీల్చింది.
ఉలి అంచున పెట్టి
సుత్తితో టిక్కుమని ఒకటి,
చెవి వంచి,
ఆ తర్వాత అసలు దెబ్బ.
రాయి తడిసిన పుస్తకంలా పొరలు విడిచేది.
చిన్నప్పుడు అడిగాను,
రెండెందుకత్తా, బలం చాలకా?
"మొదటిది రాయికి చెప్పడానికిరా.
చెప్పకుండా కొడితే అడ్డంగా పగుల్తాది."
ఇప్పుడామె ఫోన్లో మాట్లాడుతూ
మధ్యలో ఆగుతుంది,
ఇరవయ్యారేళ్ల రాతిపొడికి కాస్త చోటిచ్చి
అదే మాట మళ్లీ మొదట్నుంచి చెబుతుంది.

మూడో రాత్రి అలాంటి ఫోనే వచ్చింది.
"తిన్నావా" అంది. దగ్గింది. "తిన్నావా" అంది.
తిన్నానని చెప్పి పెట్టేసి
తీసిన లైను తిరిగి పెట్టాను.
ఆ పరాయివాడి మాట చెరపలేదు.
కింద నాదొకటి చేర్చాను:
మొదటిది చెప్పడానికి.

ప్యాచ్ పంపితే పైవాళ్లు ఒకటే అడిగారు,
ఈ కార్డు ఇంకా ఎవరన్నా వాడుతున్నారా?
తొమ్మిది, అని రాశాను.
ఇంకో మాట రాయబుద్ధి కాలేదు.

మంగళవారం రాయవరంలో తెర వచ్చింది.
మౌస్ బాణం వెనక తోక లాక్కుంటూ తిరుగుతోంది,
ఎడమ అంచున నిలువునా ఒక ఆకుపచ్చ గీత.
చెన్నకేశవులు మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుని
గీత తన అద్దాల్లో లేదని తేల్చుకున్నారు.
తొమ్మిదో క్లాసు గురవమ్మ చెయ్యెత్తింది.
"ఆ గీత ఎందుకొచ్చింది సార్?"

తెలియదమ్మా, అన్నాను.
రాసిపెట్టుకో.