గాలి ఆగేదాకా

మూడు విమానాలు మారాను
నాలుగు సెకన్ల కోసం.
మా ఆర్గో గాల్లో ఉండేది అంతే.
రెండో రౌండుకి చేరితే, ఎనిమిది.

హొక్కైడోలో ఒక కొండకి ఎదురుగా
ప్లైవుడ్ పెట్టె నా గది, నంబరు పందొమ్మిది.
ఎడమన పోలండు, కుడిన నార్వే,
మధ్యన పల్చటి అద్దాలు.
వాళ్ళవాడు బాగా దూకినప్పుడల్లా
నా బల్ల అదిరి కాఫీ ఒలుకుతుంది.
పదహారేళ్ళయింది ఈ ఉద్యోగంలో,
వాళ్ళ కాఫీ నేనింకా ఒలికించలేదు.

కాళ్ళ దగ్గర కిరోసిన్ హీటరు.
పొద్దున్నే వచ్చి దాన్నొక తన్ను తన్ని
వెలిగించేది ఒనోదెరా గారు.
ఆ తర్వాత స్కీలు భుజాన వేసుకుని కొండెక్కుతాడు
ఇంకో నలభై మందితో
మంచు తొక్కడానికి.

శనివారం రాత్రి నూడుల్స్ కొట్లో అందరూ ఉన్నారు,
బూట్లు విప్పి, సాక్సులు పొయ్యి పక్కన ఆరేసి.
మూతబడ్డ బొగ్గుగని మనుషులు,
పళ్ళ ఆసుపత్రి నర్సు మిచియో,
ఎవరితోనూ మాట్లాడని ఒక బస్సు డ్రైవరు.
ఒనోదెరా ఫోన్లోకి ఏదో అన్నాడు.
ఫోను ఒక్క క్షణం ఆలోచించి
తప్పుల ఎస్తోనియన్లో నన్నడిగింది:
"రేడియోలో మేము కనపడతామా?"

కనపడతారన్నాను.
అబద్ధం.
పదహారేళ్ళుగా ఆ నలభై మందిని నేను
"చిన్న విరామం" అని పిలుస్తున్నాను.

ఆదివారం గాలి.
ఆర్గోని పైన బల్ల మీద కూర్చోబెట్టారు, దింపారు.
మళ్ళీ కూర్చోబెట్టారు, దింపారు.
ఎర్రదీపం.
చెవిలో తాల్లిన్ నుంచి ఉర్వె:
"మాట్లాడు, ఆపకు, వేయడానికి పాటలు కూడా లేవు."
అక్కడ పొద్దున ఎనిమిది. జనం రొట్టె కోసుకుంటుంటారు.
ఆర్గో వయసు చెప్పాను, స్కీల పొడవు చెప్పాను,
వాళ్ళమ్మమ్మ అల్లిన చేతితొడుగుల రంగు చెప్పాను,
గాలి వేగం చెప్పాను, మళ్ళీ చెప్పాను.
తొమ్మిది నిమిషాలకి సరుకైపోయింది.
గాలి కబుర్లతో బతికేదాన్ని,
గాలే ఎదురు తిరిగింది.

అప్పుడు కిందికి చూశాను.

వాలుకి అడ్డంగా ఒకే వరుస.
భుజం భుజం తగిలేంత దగ్గరగా
ఒక్కో అడుగే దిగుతూ
ఇల్లు అలికినట్టు కొండని అలుకుతున్నారు.
వాళ్ళు కిందికి చేరేసరికి పైన మళ్ళీ మంచు.
మళ్ళీ ఎక్కడం.
చెప్పడం మొదలుపెట్టాను.
ఆ ఎర్ర టోపీ మిచియో అని,
రాత్రి మూడు గిన్నెలు ఖాళీ చేసిందని,
ఎడమ చివరి మనిషికి మోకాలు వంగదని,
అందుకే ఆ కొసన వరుస ఎప్పుడూ కాస్త వెనకబడుతుందని,
అయినా ఎవరూ తిరిగి చూడరని.
ఒనోదెరా జేబులో కాల్చిన చిలగడదుంప ఉందని,
తినడానికి కాదు, వేళ్ళు వెచ్చబెట్టుకోవడానికని.
ఇల్లలకగానే పండగ కాదంటారు.
ఆ పదిహేడు నిమిషాలూ అలకడమే పండగ.
ఉర్వె చెవిలో కిక్కురుమనలేదు.

గాలి తగ్గింది కాబోలు, అందరూ పక్కకి తప్పుకుంటున్నారు.
ఆఖరున ఒనోదెరా, వల దగ్గర జారాడు.
"పడ్డాడు" అన్నాను, "స్కీ ఒకటి ఊడింది,
లేవడానికి చూస్తున్నాడు, చెయ్యి..."
టకటకా అద్దం కొట్టాడు నార్వేవాడు.
వేలు ఆకాశంలోకి.

నేను చూసింది దిగడం ఒక్కటే.
లేచిన మంచుపొడి, చాచిన రెండు చేతులు.
మూడు విమానాల నాలుగు సెకన్లు
నా వీపు వెనక అయిపోయాయి.
ముప్పై ఒకటో స్థానం.
ముందుకి వెళ్ళేది ముప్పై మందే.

ఉర్వె తిడుతుందనుకున్నాను. తిట్టింది.
ఊపిరి తీసుకుని,
"వోరు నుంచి ఎవరో ఫోన్ చేశారు,
రోడ్డు మీద మంచు ఊడ్చే బండి డ్రైవరట,
ఆ ముసలాయన లేచాడా అని..."
అక్కడికి లైను పోయింది.

వోరు డ్రైవరు గారూ,
లేచాడు.
ప్యాంటు దులుపుకున్నాడు, ఊడిన స్కీని తిట్టాడు
(వినపడలేదు, నోరు అలా కదిలింది).
సాయంత్రం వచ్చి హీటరు ఆర్పాడు.
ఫోను బయటికి తియ్యలేదు, ఏమీ అడగలేదు.
చితికిన దుంపని రెండుగా విరిచి
పెద్ద ముక్క నా మైకు పక్కన పెట్టాడు.
అది తింటూ
కేబుళ్ళు చుట్టుకున్నాను.