నాలుగు వేళ్ళ సందు

చించిల్లా అంటే ఉడతనా, ఎలుకనా
అని అడిగి అడిగి వాడకట్టు మానేసింది.
బూడిదకిప్పుడు మూడేండ్లు.
సుబేదారిల మా రెండర్రల ఇంట్ల ఏసీ ఉన్నది దానికోసమే,
నాకు కాదు, ఓదెలుకు కాదు.
మేం దాని అర్రలకు సుట్టాల లెక్క పోయి
జర సల్లవడి తిరిగొస్తం.

కాజీపేట క్వార్టర్లల్ల ఒక లోకో పైలట్ పిలగాడు,
బల్లార్షాకు బదిలీ అయ్యింది.
"ఆడి ఎండకు ఇది ఆగదక్కా" అని
తువ్వాల కప్పిన పంజరం గడప మీద పెట్టిండు.
మా ఎండకు మాత్రం ఆగుతదా, నేనడగలే.
తువ్వాల తీస్తే గవ్వ.
పేరు అదే, రంగూ అదే.

పంజరానికీ పంజరానికీ నడుమ
నాలుగు వేళ్ళ సందు పెట్టిన.
ఇంకా దగ్గరైతే కాళ్ళు కొరుక్కుంటయి,
ఇంకా దూరమైతే వాసన అందదు.
ఓదెలు టేపు తెచ్చి కొలిసిండు,
మడికొండ పాలిషింగ్ యూనిట్ల బండ కొలిసినట్టే,
ఒక కన్ను మూసి.

బూడిద ముందుగాల ఏమనలే.
ఎన్కకాళ్ళ మీద నిలవడి
మూడేండ్లల నేనెన్నడూ వినని గొంతుతోని మొరిగింది,
పాత స్కూటరు కిక్కు కొట్టినా అందుకోనట్టు.
గవ్వ దిక్కు కాదు. నా దిక్కు.
ఆ మీదికెల్లి గురి చూసి నా నైటీ మీద పోసింది.
ఒక్క సుక్క పక్కకు పోలే.

గవ్వ మూలకు ఒదిగి
ఒక్క గడ్డిపోస రెండు చేతులల్ల పట్టుకున్నది.
తినలే. ఊకె పట్టుకున్నది,
తెల్వని ఊర్ల బస్సు దిగినామె సంచి పట్టుకున్నట్టు.

దీని దుమ్ముగిన్నె దానికి, దానిది దీనికి
దినాం మార్చిన.
రాయిదుమ్ముతోని ఇంటికొచ్చి
ఓదెలు గంటసేపు కడుక్కుంటడు.
ఇవేమో దుమ్ములనే పొర్లి శుభ్రమైతయి.
"గిట్ల పుట్టేదుండెనే" అన్నడు,
దగ్గుకుంటనే.

పదకొండో రాత్రి
గాలిదుమారానికి కరెంటు పోయింది.
నెలరోజులు ఆగుదామని లెక్క నాది.
మే నెలకు నా లెక్కతోని పనేంది?
ఏసీ సల్లదనం గంటల ఆరిపోయింది.
గోడలు పగటిది కక్కుతున్నయి.
ఇంట్ల సల్లటి జాగ ఒక్కటే, బాత్రూం.
సల్లటి బండ కూడ ఒక్కటే,
అంచు పలిగిందని యూనిట్ల పారేస్తే
ఓదెలు బండి మీద కట్టుకొచ్చిన నల్ల గ్రానైటు.

తడి తుడిచి బండ పరిసినం.
ఆయన చేతుల చీపురు, నా చేతుల తువ్వాల,
తలుపుల అడ్డం కూసున్నం.
ఫోను లైటుల బూడిద ఆ కొసకు,
గవ్వ ఈ కొసకు.

ఒక్కపారి దుంకింది.
ఎవరు ఎవరి మీదనో, నేను "అయ్యో" అనేవరకే
మళ్ళ ఆ కొసకొకటి, ఈ కొసకొకటి.
నడుమ బండ మీద బొచ్చుకుచ్చు.
భయమైతే బొచ్చిడిసి తప్పించుకుంటయి ఇవి,
పట్టుకున్నోళ్ళ చేతుల మెత్తదనం మిగిలిచ్చి.
నెత్తురైతే లేదు.
ఆ కుచ్చు ఎవరిదో ఆ వెలుతురుల తెలువలే.

నాలుగింటికి కాజీపేట దిక్కు గూడ్సు కూత.
గవ్వ చెవులు అటు తిరిగినయి.
చాన సేపు అటే ఉన్నయి.
బూడిద చెవులు గవ్వ దిక్కు తిరిగినయి.

తెల్లారి కరెంటు అచ్చింది.
ఎవల పంజరంల వాళ్ళను పెట్టిన.
ఓదెలు టేపు కోసం దేవులాడుతుండు.
నేను చెయ్యితోనే కొలిసిన.
మూడు వేళ్ళు.