నైలు పిల్ల పక్కన కుర్చీ

పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంల
అద్దాల పెట్టెల పండుకున్న పిల్ల,
పక్కన ప్లాస్టిక్ కుర్చీల నేను.
ఇరవై రెండేండ్లసంది ఇదే కొలువు.
ముట్టొద్దు, ఫోటో తియ్యొద్దు,
అద్దానికి ముక్కు ఆనియ్యొద్దు,
రోజుకు మూడొందల సార్లంట.
పిల్ల మాత్రం ఒక్కనాడు సతాయించలె.

మేడ్చల్ నుంచి బడిపిల్లలొస్తరు.
"ఆంటీ, నిజంగనే సచ్చిపోయిందా?"
"పండుకున్నది" అంట.
బోర్డు మీద దాని దేశం పేరున్నది, ఈజిప్టు.
దుమ్ముగుడ్డ పెట్టి ఆ మూడక్షరాలు
తుడిచి తుడిచి
ఎప్పుడైందో తెల్వదు, ఆ దేశం మీద మనసైంది.

బోరబండ బస్సుల కిటికి సీటు దొరికితే
కండ్లు మూసుకొని ఆడికే పోత.
ఇసుకంటే నాకు లారీల వచ్చి
గల్లీ మూలకు కుప్ప పడేదే.
గాలికి లేచి నడిచే ఇసుక ఎట్లుంటదో.
నదంటే మూసీ,
పేరుకు తగ్గట్టు ముక్కు మూసి దాటేదే.
నడుమ నీలం, ఒడ్డెంబడి పచ్చ,
ఆ పచ్చ తెగిన కాడ్నించి ఉత్త పసుపేనంట,
గీత గీసినట్టు.
ఒక్క కాలు పచ్చల, ఒక్క కాలు పసుపుల పెట్టి
నిలబడాలె నేను.

సుగుణక్క చిట్టి ఎత్తుకొని పాస్‌పోర్టు తీసిన.
ఫోటోల నవ్వొద్దన్నడు, నవ్వలె.
ఎంక్వైరీకొచ్చిన పోలీసాయన
"ఏడికమ్మా, దుబాయా?" అన్నడు.
"కాదు సార్, చుట్టాలింటికి."
అబిడ్స్ ట్రావెల్స్‌ల కాగితం ఇచ్చిన్రు:
తొమ్మిది దినాలు, పడవల మూడు రాత్రులు.
కింద ఉన్న అంకె జూసి నోట్ల తడి ఆరింది.
మడిచి పర్సుల పెట్టుకున్న.
మూడేండ్లకు మడత కాడ
పిరమిడ్ రెండు ముక్కలైంది.

పోయిన శ్రావణంల, ముసురు రోజు,
ఒకామె వచ్చింది, తడిసిన చెప్పులు చేతుల పట్టుకొని.
మర్వా. ఉస్మానియాల చదువు. ఊరు కైరో.
పిల్ల ముంగట శానసేపు నిలబడి
తన భాషల ఏదో గొణిగింది.
"ఆమెకు సమజైతదా?" అనడిగిన.
"కాదు, ఆ కాలపు మాట వేరే,
నాదీ మీదీ రెండూ ఆమెకు తెల్వవు" అని
వచ్చీరాని హిందీల నవ్వింది.

ఇరవై రెండేండ్లు దాచుకున్న ప్రశ్న అడిగిన:
మీ దేశం ఎట్లుంటది?
"పిరమిడ్ల కాడికి బడోళ్లు తోల్కపోయిన్రు, ఒక్కసారే.
ఎండకు తల నొచ్చింది.
అది సరే, ఇక్కడ
బండ మీద బండ ఎవరు పెట్టిన్రు?"

ఎవరు పెడతరు? అట్లనే ఉన్నయి.
"ఎప్పటిసంది?"
దినాం ముట్టొద్దని మందికి చెప్పేదాన్ని,
నాకే మాట రాలె.

ఐతారం నాడు ఖాజాగూడ గుట్టకు తీస్కపోయిన.
సర్వపిండి, రెండు జామకాయలు.
ఎదురుంగ అద్దాల మేడలు ఎండకు మెరుస్తున్నయి.
ఆమె బండకు చెంప ఆనిచ్చి కూసున్నది.
"రెండున్నర వందల కోట్ల ఏండ్లంట,
మీ పిల్ల నిన్న పుట్టింది దీని ముంగట."
నేను జామకాయ కొరుకుడు ఆపిన.
మా గల్లీల ఇట్లాంటిదే ఒకటుండె,
పిల్లలు జారుబండ ఆడుకునేది.
రెండు దినాలు డ్రిల్లు కొట్టి పగలగొట్టిన్రు.
దాని ముక్కలు మా ఇంటి పునాదిల ఉన్నయి.
ఆ మాట మర్వాకు చెప్పలె.

అయినా పోవాలె.
బండను చూసినంక నది మీద మనసు తగ్గుతదనుకున్న,
ఇంకింత పెరిగింది.
దీపావళి బోనస్, ఇంకో చిట్టి,
రిటైర్ అయ్యేటందుకు పద్నాలుగు నెలలు.
లెక్క ఇంకా కుదురుతలేదు.

నిన్న అందరు పోయినంక
కిటికీలేసి, కుర్చీ గోడకు జరిపి,
అద్దం మీదికి వంగి అడిగిన:
మీ ఊరు పోతున్న బిడ్డా,
వచ్చేటప్పుడు ఏం తేవాలె?
లైటు ఆర్పి
కండ్లు చీకటికి అలవాటయ్యేదాక
ఆడనే నిలబడ్డ.