అంచుదాక

చండూరు. శనివారం రాత్రి.
పాల సెంటర్ మూసి, క్యాన్లు బోర్లిచ్చి వచ్చేసరికి
మోక్షిత పొయ్యికాడ నిలబడి ఉన్నది
చేతిల తెల్ల చాక్లెట్ బిళ్ల పట్టుకొని.
హాస్టల్ల ఎవరిదో పుట్టినరోజట.
"అత్తమ్మా, దీన్ని తాగేటట్టు చేద్దాం, వేడివేడిగ."

రేపర్ తిప్పి చదివిన. అలవాటు.
కోకో వెన్న, పాలపొడి, చక్కెర.
నల్లగ ఉండేదంత తీసేసి
వెన్న ఒక్కటి ఉంచిన్రు.
పదకొండేండ్ల సంది పొద్దుమాపు
ఊరి పాలల్ల వెన్నశాతం చూసేదాన్ని,
ఇంత బిళ్లల ఇంత వెన్న ఎన్నడు చూడలే.

కత్తిపీట మీద సన్నగ తరిగిన.
గోరంత గోరంత ముక్కలు,
కొన్ని వేళ్లకే కరిగిపోయినయి.
కింద గంజుల నీళ్లు,
పైన అమ్మ నాటి కళాయి గిన్నె.
"గిన్నె అడుగు నీళ్లకు తాకొద్దు," అన్నది పిల్ల,
"ఆవిరే తాకాలె."
ఎక్కడ నేర్చిందో.

పాల గిన్నె మూత తీస్తుంటే
దాని అంచు నుంచి జారింది
ఒక్క చుక్క.
నున్నగ కరుగుతున్నది కాస్త
గభాల్న బిగుసుకున్నది.
ఇసుకలెక్క, పలుకులు పలుకులు.
చెంచ దానంతట అదే నిలబడ్డది.

అన్న కుర్చీలకెల్లి చూస్తున్నడు.
చూసుడంటే,
మనిషంత తిరిగితేనే చూపు తిరుగుతది ఆయనకు.
మెడ ఒక్కటే తిరగదు.
మా బోరింగు నీళ్లు తాగి పెరిగిన మెడ.
ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్లొస్తున్నయి గని
మెడకు ఆలస్యమైంది.
"నీళ్లు వడ్డయా?"
"చుక్కనే."
"చుక్క చాలు," అన్నడు సోమలింగన్న.
నవ్విండు, గోధుమ చారల పండ్లతోని.

నాకు కోపమొచ్చింది, ఎవరి మీదనో తెల్వదు.
పాలల్ల నీళ్లు కలిపినోన్ని
మూత తియ్యంగనే పట్టుకుంట నేను.
నా గిన్నెల నేనే కలుపుకుంటినా?
పారబోద్దామని ఎత్తిన.
"ఆగు అత్తమ్మా, పాలు పొయ్యి. వేడివి.
కొన్ని కాదు, మస్తుగ పొయ్యి."

చుక్కకే బిగుసుకున్నది
సోలెడుకు ఎట్ల ఇడుస్తది?
నమ్మకుండనే పోసిన.
బర్రె పాలు, మీగడతోని.
కవ్వం పెట్టి తిప్పిన, తిప్పిన.
మొదలు అంచులు ఇడిసినయి.
నడిమి గడ్డ మాత్రం
అలిగి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలెక్క,
అచ్చం నాలెక్క,
శానసేపు మాట వినలే.
తర్వాత విన్నది.

తీరా చూస్తే తెలుపు గాదు.
బర్రె ఈనిన రెండో పూట పిండిన
ముర్రుపాల రంగు.
యాలక్కాయ వద్దన్నది మోక్షిత. నేనేసిన.
ఉప్పు వద్దన్న నేను. ఆమె ఏసింది, చిటికెడు.

అన్నకు స్టీలు గిలాసల, అంచుదాక.
తల ఎనుకకు వంచలేడు.
అంచుదాక ఉంటేనే పెదవికి అందుతది.
రెండు గుక్కలు తాగి అడిగిండు,
"ఫ్యాట్ ఎంతొచ్చిందే?"
"మిషన్ల పోస్తే మిషనే ఖరాబైతది."
తగ్గినంత మళ్ల పోసిన.
తాగిండు. పోసిన.
గిన్నె అడుగు కనవడేదాక
ఆ గిలాస ఒక్కసారి గూడ సగం కాలే.

ఆయనకు అందనిది, ఆఖర్ల మిగిలింది,
నేను తాగిన.
చల్లారింది అప్పటికే.
అడుగున ఒక పలుకు, ఎంత తిప్పినా కరగంది.
నాలుక మీద పెట్టుకొని
కరిగేదాక కూసున్న.