సైరన్‌కు జాగ

పోచమల్లు మాస్టర్ సాక్సఫోన్‌కు
మెడకాడ ఒక సొట్ట.
నాగపూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల
పింఛనుకు పోతున్న గార్డు దొర
డెబ్బై రూపాయలకిచ్చిండట,
పైంగ నాలుగు గ్రామఫోను రికార్డులు ఊకెనే.
"జాజ్ అంటరు దీన్ని" అన్నడట దొర.
మాస్టర్‌కు ఇనబడ్డది జాజు,
గోడ అంచుకు పూసే ఎర్రమన్ను.
సచ్చేదాంక ఆ పేరు మార్చలే.
"ఇయ్యాల జాజు పూద్దాం" అనేటోడు
రీడును నాలుక మీద నానేసుకుంట.

నేను ఆయన బ్యాండుల వాయించలే.
నెత్తి మీద గ్యాస్ లైటు మోసిన,
రాత్రికి మూడు రూపాయలు, పూట బువ్వ.
బల్లార్షా గల్లీలల్ల బరాత్.
పెండ్లోళ్ళు సినిమా పాట అడుగుతరు.
మాస్టర్ మొదలువెట్టేది సినిమా పాటనే,
రెండు మలుపులు దాటేసరికి
పాట అంగీ ఇప్పి పక్కన వెడతది.
వైరాగడే ట్రంపెట్ బొగ్గుబాయి లిఫ్టు లెక్క కిందికి జారుతది.
కుమ్రం జంగు డోలు
వాళ్ళ గూడెం తొవ్వ పడతది.
ఎవని నడక వానిదే,
అయినా అందరు ఒక్క ఊరికే పోతున్నట్టు.
గుర్రం బెదురుతది.

ఒకపారి పిల్ల మేనమామ వచ్చి గల్ల పట్టిండు:
"పెండ్లా ఇది, పీనుగా?"
మాస్టర్ మూతి తుడుసుకొని నిమ్మళంగ,
"రెండిట్ల నడిచేది మనుషులే గద."
ఆ రాత్రి సగం పైసలే.

కాగితం మిల్లు సైరన్ ఆయన శ్రుతిపెట్టె.
"గంత పెద్ద బాజా ఈ జిల్లాల లేదుర.
అది ఊదంగ మనం ఆగాలె."
ఆగేటోళ్ళు.
అప్పుడు నా నెత్తి మీద లైటు సుయ్యిమనుడు ఇనబడేది.
నా దిక్కు వేలు వెట్టి
"నువ్వు సుత పాటల ఉన్నవ్" అన్నడొకనాడు.
నా పేరు ఆయనకు తెల్వదు.

డీజేలొచ్చినంక
బొత్తాల కోట్లు గోనెసంచిల పడ్డయ్.
జంగు జివతి గుట్టలకు, పత్తి చేనుకు పోయిండు.
మాస్టర్ మిల్లు గేటుకాడ
సైకిల్ స్టాండుల చీటీలు చింపిండు.
ఆయన నోట్‌బుక్కు చూసిన.
సరిగమలు లేవు.
గూడ్సు డబ్బాల నంబర్లు,
వర్ధా వరద ఎంతెత్తు వచ్చిందో గీతలు,
నడుమ నడుమ ఖాళీ గడులు.
ఒక గడిల రాసి ఉంది:
"ఈడ ఎవడన్న దగ్గచ్చు."

వర్ధా ఒడ్డుకు మోసిననాడు
తొమ్మిది మంది వచ్చిండ్రు బాజాలతోని,
ముగ్గురికి పండ్లు లేవు.
జంగు రెండు బస్సులు మారి వచ్చిండు.
ఏం వాయించాల్నో ఎవ్వరు ఎవ్వర్ని అడగలే.
పండ్లు లేనోళ్ళ ఊదుడుల గాలే ఎక్కువ,
ఆ గాలి గూడ పనికొచ్చింది.

నడిమిట్ల, రెండో షిఫ్టు సైరన్.
అందరు ఆగిండ్రు.
పాడె మోసేటోళ్ళు గూడ.
అది బందయినంక చానాసేపు
ఎవ్వరు మొదలువెట్టలే.

పట్టపగలు, మండే ఎండల
నా చెయ్యి నెత్తి మీదికి పోయింది
లైటు సదురుకోను.