పట్టికలో నలభయ్యొకటోది

నా ఉద్యోగం ఏంటో చెప్తే ఎవరూ నమ్మరు.
డండీలో, టే నది మీంచి వచ్చే గాలి
కిటికీల్ని పట్టి ఊపే మూడో అంతస్తులో కూచుని
లేని లోకంలో లేని వస్తువులకి
బలం తూచి అంకె వేస్తాను.

కొండని చీల్చే కత్తికి తొంభై ఆరు.
చచ్చినవాళ్ళ చేత నిజం చెప్పించే అద్దానికి తొంభై ఒకటి.
కాలాన్ని మూడు గుక్కలు వెనక్కి తాగే గిన్నె
పోయిన వారం దాకా ఎనభై ఎనిమిది.
ఎవడో పిల్లాడు ఆ గిన్నెతో
ఒకే డ్రాగన్ని నాలుగొందల సార్లు చంపి
బంగారం పోగేశాడని తెలిసి
నిన్న అరవై రెండు చేశాను.
గొప్పవాటిని దించడం ఇంత సులువని
చిన్నప్పుడే తెలిసుంటే బాగుండును.

ఫెర్గస్ టీలో బిస్కెట్ ముంచుకుంటూ
"కిరీటం పైనా, కత్తి పైనా?" అంటాడు.
రోజూ అదే తగువు.
కిరీటం పెట్టుకున్నవాడి మాట సైన్యం వింటుంది.
కత్తి ఉన్నవాడు కిరీటాన్ని తలతో సహా తీసేస్తాడు.
అద్దం ఉన్నవాడు
ఆ ఇద్దరికీ వాళ్ళ మొహాలు చూపించి ఊరుకుంటాడు.
అయిలా వేళ్ళు మడిచి లెక్కేస్తుంది.
నేను త్రాసు ముల్లుని చూసినట్టు తెరని చూస్తాను.
ముల్లు నిలవదు.

జనవరి. మూడున్నరకే చీకటి.
పట్టికలో ఒక్క గడి మిగిలిపోయింది, నలభయ్యొకటోది.
"బిచ్చగాడి గుడిసెలో దొరికేది ఏదో ఒకటి పడెయ్" అన్నాడు ఫెర్గస్.
గోనెసంచి పెట్టాను.
బలం: రెండు.
వర్ణన: ఒక మూలని ఇంకో మూలలోకి దోపి కప్పుకుంటే
తలమీంచి వీపు దాకా వాన ఆగుతుంది.

నెల్లిమర్ల మిల్లులో మూడో షిఫ్టు దిగి
మా అమ్మ అలాగే వచ్చేది,
కనురెప్పల మీద నార నూగుతో.
వర్ణనలో అది రాయలేదు. గడిలో పట్టదు.

రాత్రిళ్ళు మా బల్లలు తుడిచే నెట్టా
ఒకరోజు నా తెర ముందు ఆగిపోయింది.
వాళ్ళమ్మదీ గోనెల మిల్లేనట, ఈ ఊళ్ళోనే.
మగ్గాల మోతకి చెవులు పోయి
ఇంట్లో కూడా పెదాలు చూసే మాటలు వినేదట.
"రెండా?" అంది నెట్టా.
ఇంకేం అనలేదు. బకెట్టు తీసుకుని పోయింది.

ఆట జనంలోకి వెళ్ళిన పదోరోజు లెక్కలొచ్చాయి.
ఒక తప్పు చేశాను.
సంచిలో ఎన్ని పడతాయో రాయడం మర్చిపోయాను.
కత్తి పట్టింది, కిరీటం పట్టింది,
అద్దం, గిన్నె, ఎగిరే చెప్పులు,
పాముల రాణి ముక్కుపుడక, అన్నీ పట్టాయి.
నలభై మహిమల్నీ భుజాన వేసుకుని
జనం సంతకెళ్ళినట్టు తిరుగుతున్నారు.
తొంభై ఆరుని మోసేది రెండు!
ఫెర్గస్ నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు.

ఉత్తరాన ఒక కనుమ ఉంది మా లోకంలో.
అక్కడ వాన ఆగదు, నేనే ఆగకుండా పెట్టాను.
నిండిన సంచి కప్పుకోడానికి పనికిరాదు కదా.
అక్కడ, ఎవరో, పేరు తెలీదు, ఒక అంకె మాత్రమే,
కాసేపు కదలకుండా నిలబడ్డారు.
పదకొండు నిమిషాలు. లాగులో ఉంది.
ఆ తర్వాత సంచిని తలకిందులు చేసి
నలభైనీ బురదలో కుమ్మరించి
మూలలో మూల దోపి
తలమీద వేసుకుని
నడుచుకుంటూ వెళ్ళిపోయారు.
కత్తి అక్కడే పడుంది, పిడి పైకి.
ఇంకా ఎవరూ తియ్యలేదు.

"సరిచెయ్" అన్నాడు ఫెర్గస్.
పన్నెండుకి మించి పట్టకుండా కట్టడి చేశాను.
"బలం కూడా పెంచు, పరువుగా ఉంటుంది" అన్నాడు.
గడిలో గీత మినుకుమినుకుమంటోంది.
కింద వీధిలో చినుకులు, ఎవరి గొడుగో తిరగబడింది.

రెండే ఉంచాను.
అంకె పెంచితే దాన్ని దాచుకుంటారు.
తడవనివ్వరు.