పాత ఫోటో

"పాత ఫోటో ఏదన్న ఉన్నదా?"
అని అడిగింది హన్మకొండ డాక్టరమ్మ.
రిపోర్టులు అడుగుతదనుకొని సంచి ముడి ఇప్పుతున్న.
ఆధార్ కార్డు తీసిచ్చిన.
కార్డును జూసింది, నన్ను జూసింది,
మల్ల కార్డును జూసింది.

రేషన్ షాపాయనకు గూడ గిదే అనుమానం:
"బేతి సువర్ణ అంటే నువ్వేనా?"

రెండేండ్ల సంది కొత్తవాడల ఒకటే మాట,
"ఒళ్లు జేసినవ్ గదనే,
జంపఖానాలకు గిరాకి బాగున్నట్టున్నది!"
నవ్విన.
చెంపల్ల కండ్లు మునిగిపోయినయి.
మొఖం పున్నమి, కాళ్లు పడుగు పోగులు.
పీట మీదికెల్లి లేవాలంటే మగ్గం కర్ర పట్టుకోవాలె.
కడుపు మీద వంకాయ రంగు చారలు.
ముప్పై ఏండ్లు నూలుకు రంగులద్దినదాన్ని,
ఈ అద్దకం ఎవరిదో నాకు తెల్వలె.

షుగర్ అన్నరు. బీపీ అన్నరు.
"మల్లా కడుపా?" అన్నదొకామె చెవుల,
నలభై ఆరేండ్ల నన్ను పట్టుకొని.

"మోకాళ్ల నొప్పికి ఆర్ఎంపీ సూదులేమన్న?
పసర్లు? స్టెరాయిడ్ గోలీలు?"
ఏమీ లెవ్వన్న.
రాత్రి పదకొండుకు ఒక గోలీ మింగిచ్చింది,
పొద్దున ఎనిమిదికి నెత్తురు తీపిచ్చింది.
దీనికి హార్మోన్ తగ్గాలెనట.
తగ్గలె.
చెప్పిన మాట ఇననిదేదో లోపల ఉన్నది.

స్కానింగ్ల దొరికింది.
ఎడమ కిడ్నీ నెత్తిన టోపీ అసొంటి గ్రంథి,
దాంట్ల రేగుపండంత గడ్డ.
గంతే.
గంత దానికి నా మొఖమంత ఆకలి.

మూడు బొక్కలు పెట్టి తీసేసిండ్రు.
ఇగ లేసి ఉరుకుతననుకున్న,
మంచం దిగలేకపోయిన.
"కుడి దిక్కుది నిద్రవోయింది" అన్నది డాక్టరమ్మ,
"పక్కది పనంతా గుంజుకున్నది గద.
లేవనీకి ఏడాది వట్టొచ్చు.
అందాక గోలీలు, ఒక్క పూట గూడ ఇడువొద్దు.
జరమొస్తే రెండింతలు."

ఇది మాత్రం నాకు చెప్పక్కరలేదు.
రెండు మగ్గాలున్న ఇంట్ల
ఒక్కటే రేయింబగళ్లు ఆడితే
రెండోదానికి బూజు వట్టదా?
నూనె వెట్టి, తెగిన పోగులు అతికి,
మెల్లగ, దాన్ని బెదిరియ్యకుంట లేపాలె.

ఏడు నెలలాయె.
పాత జాకెట్లు పడుతున్నయి.
నిన్న నల్లాకాడ ఆపింది ఆ చెవుల మాటలామె:
"అయ్యో, గిట్ల గుంజుకపోయినవేందే,
పానం బాగలేదా?"

నవ్విన.
కండ్లు ఎక్కడికీ పోలె.
బిందె నిండలేదింకా,
రెండు గంటల గోలీకి యాల్లైంది.